యాంటీబాడీ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఐజీఏ ఒక్కటే తగ్గినప్పుడు

రెండో పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబుతో మొదలుపెడదాం. ఐజీఏ అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీల్లో ఒక రకం, ఐజీజీ, ఐజీఎం మరో రెండు రకాలు. ఒకే మనిషికి ఒక ల్యాబ్ ఐజీఏ 0.9 అనీ, మరో ల్యాబ్ 90 అనీ రాసిస్తే, నెల తిరగకుండానే నూరు రెట్లు పెరిగిందని అనుకోకూడదు. మొదటిది లీటరుకు గ్రాముల్లో, రెండోది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంది కనుక రెండూ ఒకటే. అంకె కంటే ముందు దాని పక్కనున్న యూనిట్‌ను చూసే అలవాటు ఇకపై ప్రతి పాఠంలోనూ పనికొస్తుంది.

ఇక ఈసారి రిపోర్టు, అభ్యాసం కోసం నేనే అల్లినది. 27 ఏళ్ల మహిళ. ఏడాదికి రెండు మూడు సార్లు జలుబు, అప్పుడప్పుడు సైనస్ నొప్పి, అంతకు మించి ఏమీ లేదు. ఐజీజీ 1180, ఐజీఏ <7, ఐజీఎం 124, అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. ఐజీఏ అంకె లావు అక్షరాల్లో ఉంది, దాని పక్కన పెద్దలకు మామూలు పరిధి 70–400 అని ఉంది. చూపు సహజంగా ఆ లావు అక్షరాల మీదకే పోతుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందు పైనా కిందా ఉన్న వరుసలు చదవండి: ఐజీజీ, ఐజీఎం రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఈ పాఠమంతా ఆ రెండు వరుసల మీదే నడుస్తుంది.

ఇప్పుడు <7 దగ్గరికి వద్దాం. ఆ గుర్తుకు అర్థం సున్నా అని కాదు, ఏడు కంటే తక్కువని మాత్రమే. నాలుగేళ్లు దాటిన వ్యక్తిలో ఐజీఏ 7 కంటే తక్కువగా ఉండి, ఐజీజీ, ఐజీఎం మామూలుగా ఉండి, వేరే కారణమేదీ కనిపించకపోతేనే దాన్ని సెలెక్టివ్ ఐజీఏ లోపం అంటారు. 45 ఉన్నవారిది తగ్గుదలే గాని ఈ లోపం కాదు. వయసు షరతు ఎందుకంటే, పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీఏ దాదాపు ఉండదు, పెద్దల స్థాయికి చేరడానికి కౌమారం దాకా పడుతుంది. మూడేళ్ల పిల్లవాడి అంకెను పెద్దల పరిధితో పోల్చి హడలిపోయే తల్లిదండ్రులు ముందుగా గమనించాల్సింది ఇదే.

ఈ లోపం అంత అరుదేమీ కాదు. యూరప్ మూలాలున్న జనాల్లో సుమారు 600 మందిలో ఒకరికి, జపాన్‌లో సుమారు 18,000 మందిలో ఒకరికి ఉంటుంది. వీరిలో ఎక్కువమందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. శరీరంలో తయారయ్యే ఐజీఏలో అధికభాగం ముక్కు, గొంతు, పేగుల లోపలి తడిపొరల మీద కాపలా కాస్తుంది. అది లేనిచోట ఐజీఎం కొంతవరకు ఆ పని అందుకుంటుంది. (తల్లి ముర్రుపాలు ఐజీఏతో నిండి ఉంటాయి. మనం జున్ను వండుకునే ఆవు ముర్రుపాలలో మాత్రం ఐజీజీదే పైచేయి. దూడకు కడుపులో ఉండగా తల్లి యాంటీబాడీలు అందవు కనుక పాలతోనే అందాలి.)

కారణాలు వెతికేటప్పుడు మందుల చీటీ తప్పకుండా చూడాలి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, కీళ్లవాతానికి వాడే సల్ఫసలజీన్ వంటివి కొందరిలో ఐజీఏను తగ్గిస్తాయి. మందు మార్చాక అది తిరిగి పెరగవచ్చు. ఆ మార్పు డాక్టరు చెయ్యాల్సిందే, రిపోర్టు చూసి మూర్ఛ మాత్ర సొంతంగా ఆపడం ప్రాణాంతకం.

చదువుకున్నవారు కూడా బోల్తాపడే చోటు ఒకటుంది. గోధుమ పడని సీలియాక్ వ్యాధిని పట్టడానికి సాధారణంగా చేసే టీటీజీ పరీక్ష ఐజీఏ రకం యాంటీబాడీని వెతుకుతుంది. ఐజీఏ తయారే కాని మనిషిలో ఆ పరీక్ష ‘నెగెటివ్’ అని రావడం వింత కాదు, అలా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం. పైగా ఐజీఏ లోపమున్నవారిలో సీలియాక్ మిగతావారికంటే ఎక్కువ. అందుకే రాత్రిళ్లు చపాతీకి మారాక విరేచనాలు, రక్తహీనత పట్టుకున్నవారి రిపోర్టులో టీటీజీ నెగెటివ్ అని ఉంటే, మొత్తం ఐజీఏ కూడా కొలిచారా అని చూడండి. కొలిచినప్పుడు ఐజీఏ లేదని తేలితే ఐజీజీ రకం పరీక్ష అడగాలి.

“ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీల మందు) ఎక్కిస్తే సరిపోదా?” అని చాలామంది అడుగుతారు. ఆ సీసాలో ఉండేది దాదాపు అంతా ఐజీజీయే, మన ఉదాహరణలోని మహిళకు అది పుష్కలంగా ఉంది. ఖరీదైన ఆ మందు ఐజీఏ లోటును పూడ్చదు. ఆమె గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: కొందరిలో ఐజీఏకు వ్యతిరేకంగానే యాంటీబాడీలు పుట్టి, రక్తం ఎక్కించినప్పుడు అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు. ఆపరేషన్‌కు ముందే ఈ సంగతి చెబితే, అవసరమైతే బ్లడ్ బ్యాంకు కడిగిన ఎర్రకణాలను ఇస్తుంది.

ఐజీజీ కూడా పడిపోతే కథ మారుతుంది. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లతో వచ్చిన ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో గామా గ్లోబ్యులిన్ (యాంటీబాడీలుండే ప్రొటీన్ల భాగం) లేదని గుర్తించి, దాన్ని బయటినుంచి ఇచ్చి కాపాడాడు. అయితే ఐజీజీ తగ్గడానికి శరీరం తయారు చేయకపోవడం ఒక్కటే కారణం కాదు. తయారైనది మూత్రంలోనో పేగుల్లోనో పోతూ ఉండవచ్చు. ఈ రెండింటినీ విడదీయడమే నాలుగో పాఠం. అంతలోపు ఈ రిపోర్టు చూసి ఉంచండి: ఐజీజీ 310, ఐజీఏ 75, ఐజీఎం 190, ఆల్బుమిన్ (రక్తంలోని మరో ప్రొటీన్) డెసిలీటరుకు 1.9 గ్రాములు, పొద్దున లేవగానే కళ్లకింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు. ఐజీఎం ఎందుకు తగ్గలేదో ఒక్క వాక్యంలో రాయండి.