కాళ్లు ప్యాడ్ల దాకా రాని ఫ్లాష్ చిప్

పాత రౌటర్‌లో ఫ్లాష్ చిప్ (సాఫ్ట్‌వేర్ దాచే మెమరీ) పోయింది, బెంగళూరు ఎస్పీ రోడ్డులో అదే నంబర్ చెప్పి కొన్న కొత్తది బోర్డు మీద పెడితే కాళ్లు ప్యాడ్లకు (వాటిని అతికించే లోహపు మచ్చలకు) అందడం లేదు. రెండూ ఎస్‌ఓఐసీ-8 (ఎనిమిది కాళ్ల చిప్ ఆకారం), రెండింటికీ కాలికీ కాలికీ మధ్య దూరం 1.27 మి.మీ.నే, అందుకే దుకాణంలో తేడా ఎవరికీ తెలియదు. వెర్నియర్ పెట్టి చూస్తే కొత్తదాని బాడీ వెడల్పు 3.9, పాతది దాదాపు 5.3. కాళ్ల కొసలతో కలిపి కొలిస్తే కొత్తది 6, పాతది 7.9. నా లెక్కలో ఈ కొలతే ముఖ్యం, ప్యాడ్‌కు తగిలేది కాళ్లే కదా! కాళ్లు సాగదీసి అతికించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, దయచేసి వినకండి, ప్యాడ్ లేచిపోతుంది. చిప్‌లు చేసే విన్‌బాండ్ కంపెనీ ఆర్డర్ నంబర్‌లో ఎస్‌ఎన్ అంటే సన్నది, ఎస్‌ఎస్ అంటే వెడల్పుది. డేటాషీట్ (చిప్ వివరాల పత్రం) చివర ఉన్న డ్రాయింగ్‌తో సరిచూసుకుని ఎస్‌ఎస్ రకం తెచ్చాను, చక్కగా కూర్చుంది.