ఎడారి ఎండలో ఇంటి స్థలం చూడటం – 3వ పాఠం: నాలుగున్నర గీత

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి. ప్లాన్ మీద ఉత్తరం ఎటుందో పట్టుకోమన్నాను. కాగితం పైవైపే ఉత్తరం అనుకుని గీసుకున్నవాళ్లు ఇంకోసారి చూడండి. బ్రోషర్లో చక్కగా ఇమడాలని లేఅవుట్ బొమ్మను ఎటు కావాలంటే అటు తిప్పేస్తారు. ఉత్తరం బాణం ఏ మూలో మినుకు మినుకుమంటూ ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. ఫోన్‌లో దిక్సూచి వాడినవాళ్లు సెట్టింగ్స్‌లో ‘ట్రూ నార్త్’ పెట్టుకున్నారో లేదో చూసుకోండి. మనం ఉదాహరణగా తీసుకున్న, అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఎడారి నగరం ఫీనిక్స్‌లో అయస్కాంతపు ముల్లు అసలు ఉత్తరానికి సుమారు 10 డిగ్రీలు తూర్పుగా నిలుస్తుంది. ఆ ఊళ్లో పెద్ద రోడ్లు చాలావరకు మైలుకొకటి చొప్పున దిక్కుల వెంటే సాగుతాయి కాబట్టి తప్పు చేస్తే వెంటనే తెలిసిపోతుంది. కాలనీల లోపలి వీధులు వంకర్లు తిరుగుతాయి, జాగ్రత్త అక్కడ కావాలి.

ఇక ఈ పాఠం. దీనికి పెన్సిలు, స్కేలు, ఎర్ర పెన్ను, ఇంటి ప్లాన్, పక్క ప్లాట్లు కూడా కనిపించే లేఅవుట్ కాగితం కావాలి.

ఫీనిక్స్ అక్షాంశం 33.4 డిగ్రీలు. జూన్ 21న అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారంలో 12 గంటలకు కాదు, దాదాపు 12:30కి. అరిజోనాలో ఎక్కువ భాగం, అమెరికాలో చాలాచోట్ల చేసినట్టు వేసవిలో గడియారాలు గంట ముందుకు జరపరు కాబట్టి ఈ లెక్క వేసవంతా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. ఆ రోజు సాయంత్రం 4:30కి సూర్యుడు సరిగ్గా పడమరకు ఐదారు డిగ్రీలు ఉత్తరంగా, నేలకు 37 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కాగితం మీద పనికి దాన్ని నేరుగా పడమర అనుకున్నా నష్టం లేదు. 37 డిగ్రీలంటే గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే నిష్పత్తులు: అడుగు ఎత్తున్న వస్తువు నీడ నేల మీద అడుగూ నాలుగంగుళాలు పడుతుంది, గోడ నుంచి అడుగు ముందుకొచ్చిన చూరు పడమటి గోడ మీద ముప్పాతిక అడుగు నీడ ఇస్తుంది. ఆరు గంటలకు సూర్యుడు 18, 19 డిగ్రీలకు దిగిపోతాడు. అప్పుడు అదే చూరు అడుగుకు నాలుగంగుళాల నీడే ఇస్తుంది.

నాలుగున్నరే ఎందుకు? తూర్పు గోడకూ పడమటి గోడకూ రోజు మొత్తం మీద పడే ఎండ ఇంచుమించు సమానమే. తేడా గాలి వేడిది. ఫీనిక్స్‌లో జూలై సగటు కనిష్ఠం 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గరిష్ఠం 41 దగ్గర ఉంటుంది. తూర్పు కిటికీలోకి ఎండ వచ్చేది బయట గాలి కాస్త చల్లగా ఉన్నప్పుడు. పడమటి కిటికీలోకి వచ్చేది గాలి, గోడ, పైకప్పు, నేల అన్నీ కాగిపోయి ఏసీ ఆపకుండా తిరుగుతున్నప్పుడు. పైగా పడమటి గోడ తాగిన వేడిని పొద్దుగూకాక నింపాదిగా లోపలికి వదులుతుంది. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్ (43 సెల్సియస్) తాకింది. అలాంటి నెలలో గోడ రాత్రి చల్లారి మర్నాటికి సిద్ధం కావడమన్నది సరిగా జరగదు.

ఇప్పుడు లేఅవుట్ తీసి, పడమటి అంచు నుంచి తూర్పుకు అరంగుళానికొకటి చొప్పున సమాంతర గీతలు గీయండి. ఇవే మన నాలుగున్నర గీతలు. ఏ గీత దేనికీ తగలకుండా వచ్చి ఏ గాజును తాకుతుందో అక్కడ ఎర్ర చుక్క పెట్టండి. గోడల గురించి ఇప్పుడే బెంగపడకండి. ముందు గాజు.

చుక్కలు పెట్టగానే చాలామందికి ఒక సంగతి అర్థమవుతుంది. తూర్పు ఫేసింగ్ ఇల్లు చల్లగా ఉంటుందనుకుంటారు. కానీ అమెరికా కాలనీ ఇళ్లలో ముందువైపు ఉండేది కారు గ్యారేజీ, తలుపు, ఒకటో రెండో కిటికీలు. హాలు, వంటిల్లు, పెద్ద జరుపుడు గాజు తలుపు అన్నీ పెరటివైపే. ముఖం తూర్పుకుంటే పెరడు పడమరకు, అంటే ఇంట్లో ఉన్న గాజంతా నాలుగున్నర గీతలకు ఎదురుగా నిలబడుతుంది. ‘పది అడుగుల కప్పున్న వసారా ఉందిగా’ అంటారు అమ్మేవాళ్లు. లెక్క కట్టండి. వసారా కప్పు అంచు 9 అడుగుల ఎత్తున ఉందనుకుందాం, గాజు తలుపు 8 అడుగులు. 4:30కి నీడ కప్పు నుంచి ఏడున్నర అడుగులు కిందికి దిగుతుంది, తలుపు అడుగున అడుగున్నర మేర మాత్రమే ఎండ. బాగానే ఉంది. ఆరు గంటలకు నీడ దిగేది మూడున్నర అడుగులే. తలుపులో అయిదున్నర అడుగుల మేర ఎండ తిన్నగా సోఫా మీదికి. పెరటి చివరి ఆరడుగుల ప్రహరీ అయినా కాపాడుతుందా అంటే, అది పాతికడుగుల దూరంలో ఉంటే దాని నీడ ఇంటి మొదలు దాకా వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. జూన్‌లో అక్కడ పొద్దుగూకేది 7:40కి.

పడమర ఫేసింగ్ ఇల్లు దీనికి తిరగేసిన బొమ్మ. ఎండ దెబ్బ తినేది గ్యారేజీ. గ్యారేజీ నిప్పుల కుంపటే అవుతుంది, అందులో రంగు డబ్బాలూ మందులూ పెట్టకండి, కానీ హాలుకు అది అడ్డుగోడ. పెరడు తూర్పుకుంటుంది. 12 అడుగుల ఎత్తున్న ఇల్లు 4:30కి పెరట్లోకి 16 అడుగుల నీడ పరుస్తుంది, ఆరింటికి 34 అడుగులు. వేసవి సాయంత్రం బయట కూర్చోగలిగే పెరడు ఏదైనా ఉంటే అదే. బేరంలో పడమర ఫేసింగ్ పేరు చెప్పి ఎవరైనా ధర తగ్గిస్తే నేనైతే కాదనను.

మిగిలినవి ఉత్తర, దక్షిణ ఫేసింగ్ ఇళ్లు. వీటిలో పడమటి వైపున పక్కింటి గోడ ఉంటుంది, కిటికీలు తక్కువ. రెండిళ్ల మధ్య ఎడం పది అడుగులనుకోండి. పక్కింటి చూరు ఎత్తులోంచి ఎడంలో ముప్పాతిక వంతు తీసేస్తే మన గోడ మీద ఎంత ఎత్తు దాకా నీడ ఉంటుందో వస్తుంది. పక్కింటి చూరు 10 అడుగులైతే 4:30కి నీడ రెండున్నర అడుగుల దాకానే. ఆరింటికి ఆరున్నర అడుగుల దాకా ఎక్కుతుంది. పక్కది మేడ అయి చూరు 20 అడుగులుంటే 4:30కే మన ఒంటంతస్తు గోడ పూర్తిగా నీడలో ఉంటుంది. పడమటి పక్కన మేడ ఉందని చిరాకుపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. వరుసలో పడమటి చిట్టచివరి ప్లాట్‌కి మాత్రం ఈ అదృష్టం లేదు. కార్నర్ ప్లాట్ అని ఎక్కువ డబ్బు అడుగుతారు చూడండి, ఆ కార్నర్ పడమటిదైతే గోడంతా ఎర్ర చుక్కలే.

దక్షిణపు గాజు లెక్క హాయిగా ఉంటుంది. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కనుక్కోవాలంటే 90లోంచి అక్షాంశం తీసేసి 23.4 కలపండి: ఫీనిక్స్‌కి 80 డిగ్రీలు. డిసెంబరు 21కి కలపడం మాని తీసేయండి: 33 డిగ్రీలు. రెండడుగుల చూరు, దానికి అడుగు కింద మొదలయ్యే అయిదడుగుల కిటికీ తీసుకుందాం. జూన్ మధ్యాహ్నం చూరు నీడ 11 అడుగులు దిగుతుంది, కిటికీ మొత్తం నీడలో. డిసెంబరులో అడుగూ మూడున్నర అంగుళాలే దిగుతుంది, అంటే కిటికీ పైన నాలుగంగుళాలు తప్ప మిగతాదంతా వెచ్చటి ఎండ. ఖర్చు లేకుండా రెండు కాలాలకూ సరిపోయే ఏర్పాటు ఇది ఒక్కటే.

ఒక్క మెలిక ఉంది. మార్చి 21న, సెప్టెంబరు 22న మధ్యాహ్నం సూర్యుడు ఒకే ఎత్తులో ఉంటాడు: 56.6 డిగ్రీలు. మార్చిలో ఆ ఎండ ముద్దొస్తుంది. సెప్టెంబరులో ఫీనిక్స్ ఇంకా 100 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) దగ్గరే ఉంటుంది. అప్పుడు రెండడుగుల చూరు నీడ మూడడుగులే దిగుతుంది, కిటికీలో సగానికి పైగా ఎండలోనే ఉండిపోతుంది. చూరును నాలుగడుగులు చేస్తే సెప్టెంబరు తీరుతుంది కానీ డిసెంబరు ఎండ కూడా దాదాపు మూడో వంతు పోతుంది. అందుకే చూరు రెండడుగులే ఉంచి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా బయట దించుకునే తెర వేసుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఉత్తరపు పెరడు గురించి అందరూ చెప్పే మాట ‘ఎప్పుడూ నీడే’. డిసెంబరులో నిజం: 12 అడుగుల ఇల్లు మధ్యాహ్నం 18 అడుగుల నీడ వేస్తుంది, చలికాలం కూర్చుందామంటే ఎండ దొరకదు. జూన్‌లో నడి మధ్యాహ్నం అదే ఇంటి నీడ రెండడుగులు. సూర్యుడు ఉదయిస్తూనే తూర్పుకు 28 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. ఉదయం 9:15 దాకా, మళ్లీ మధ్యాహ్నం 3:45 దాటాక ఉత్తరపు గోడ మీదికి ఏటవాలుగా వస్తాడు. గాజుకు పెద్ద నష్టం లేదు, ఎండ గోడను రాసుకుంటూ పోతుంది కాబట్టి పడమటి కొసన నిలువుగా ఒక పలకో గుబురు చెట్టో ఉంటే ఆగిపోతుంది. సాయంత్రం కూర్చునే చోటుగా మాత్రం తూర్పు పెరడుతో ఇది సరితూగదు.

ఇప్పటికే పడమటి గాజున్న ఇంట్లో ఉన్నవాళ్లు కర్టెన్లు మార్చే ముందు ఆగండి. కర్టెన్ ఆపేది గాజు దాటి లోపలికి వచ్చేసిన వేడిని. అడ్డం గాజుకు బయట ఉండాలి: జల్లెడ లాంటి సన్‌స్క్రీన్ గుడ్డ, దించుకునే తెర, వసారా అంచున నిలువు చట్రం, కుదిరితే చెట్టు. గాజే మార్చేటట్టయితే సూర్యతాపాన్ని లోపలికి వదిలే గుణకం, దుకాణాల్లో ఎస్‌హెచ్‌జీసీ అంటారు, 0.25 లేదా అంతకన్నా తక్కువ ఉన్నది అడగండి.

ఈ వారం పని. మీ ప్లాన్ మీద ఎర్ర చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క పక్కన ఆ గాజు వెడల్పు, ఎత్తు, పైన చూరు ఎంత ముందుకొచ్చిందో రాయండి. 4:30కి, ఆరింటికి ఎంత మేర ఎండలో ఉంటుందో విడివిడిగా లెక్కకట్టండి. వేరే ఊరివాళ్లు తమ అక్షాంశంతో మధ్యాహ్నపు ఎత్తులు వేసుకోండి. జైసల్మేర్‌కి జూన్‌లో 86.5 రావాలి. భూమధ్యరేఖకు దక్షిణాన, ఆలిస్ స్ప్రింగ్స్ లాంటి చోట ఉత్తర దక్షిణాలు తారుమారు చేసుకోండి, జూన్‌కి బదులు డిసెంబరు. 4:30 బదులు మీ ఊళ్లో నడి మధ్యాహ్నం ఎప్పుడో తెలుసుకుని దానికి నాలుగు గంటలు కలపండి. సాయంత్రపు ఎత్తు కోసం బల్ల మీద స్కేలు నిలబెట్టి నీడ కొలిస్తే చాలు. ఆ కాగితం పారేయకండి, 4వ పాఠంలో చెట్లను దాని మీదే నాటుతాం.