మాట తగిలిన చోటే కూర్చోవడం: అహాన్ని పట్టుకునే రోజువారీ సాధన

నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. రోజూ తెల్లవారుజామున లేచి ముప్పావుగంట ధ్యానం చేయడం అలవాటై అప్పటికి ఆరేళ్ళు. ఆ రోజు తొమ్మిదో తరగతిలో ఎ మైనస్ బి హోల్ స్క్వేర్ మీద ఒక లెక్క విస్తరిస్తూ, మధ్య పదం ముందు మైనస్ బదులు ప్లస్ వేశాను. రెండో బెంచీ చివర కూర్చునే పిల్ల లేచి, "టీచర్, అక్కడ మైనస్ రావాలండి" అంది.

చూడగానే తప్పు నాదని తెలిసింది. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ముందు నీ నోట్సు సరిగ్గా రాయి. మొన్న స్లిప్ టెస్టులో ఎన్నొచ్చాయి నీకు?" పిల్ల తల దించుకుని కూర్చుంది. నేను ఆ ప్లస్‌లో నిలువు గీత ఒక్కటి చూపుడువేలితో తుడిచేసి, మిగిలిన గీతని మైనస్‌గా వదిలేసి, తర్వాతి వరుసకు వెళ్ళిపోయాను. వేలికి అంటుకున్న సుద్దపొడి బెల్లు కొట్టేదాకా అలాగే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరేళ్ళ ధ్యానం ఆ ఒక్క నిమిషంలో ఎక్కడికి పోయింది? ఎంత తవ్వుకున్నా ఒకటే కనిపించింది. ధ్యానం నా అహాన్ని ముట్టుకోలేదు. అహమే ధ్యానాన్ని తొడుక్కుంది. లెక్కల టీచరు, ఇంటి పెద్దకోడలు అనే రెండు "నేను"ల పక్కన "సాధన చేసే నేను" అని మూడోది చేరింది. మొదటి రెండిటికంటే అదే ఎక్కువ సున్నితం. దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు.

ఆ తర్వాత నేను నేర్చుకుని, నాలుగేళ్ళుగా చేస్తున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఇది నేను కనిపెట్టింది కాదు. మూలం రమణ మహర్షి చెప్పిన విచారణే, అంటే "నేను ఎవరు" అని లోపలికి చూసుకోవడం. దాన్ని క్లాసురూములో, వంటింట్లో, స్టాఫ్ రూములో ఎలా పెట్టుకోవాలన్నది మాత్రం నా అనుభవం.

ముందు ఆ మూలం గురించి. 1907 నవంబరు 18న కావ్యకంఠ గణపతి ముని అరుణాచలం కొండ మీద విరూపాక్ష గుహకు వెళ్ళారు. ఆయన మన తెలుగువారు, బొబ్బిలి దగ్గరి కలువరాయి ఊరివారు. శాస్త్రాలన్నీ చదివారు, కోట్ల కొద్దీ మంత్రజపం చేశారు, ఆశుకవిత్వానికి బెంగాల్లోని నవద్వీపంలో "కావ్యకంఠ" అనే బిరుదు అందుకున్నారు. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్ళు. గుహలో ఉన్న యువకుడు రమణ మహర్షికి ఇరవై ఏడు. అంత పండితుడు తనకంటే చిన్నవాడి పాదాల మీద పడి, ఇంత చదివినా తపస్సు అంటే ఏమిటో నాకు తెలియలేదు, చెప్పమని అడిగారు. "నేను నేను" అనే తలంపు ఎక్కడినుంచి పుడుతున్నదో గమనిస్తే మనసు అక్కడ అణిగిపోతుంది, అదే తపస్సు అని మహర్షి జవాబు చెప్పారు. జపం చేసేటప్పుడైతే ఆ మంత్రధ్వని ఎక్కడినుంచి వస్తున్నదో చూడమన్నారు. "భగవాన్ శ్రీ రమణ మహర్షి" అన్న పేరు లోకానికి చెప్పింది ఆ గణపతి మునే.

ఈ సంగతి చదివినప్పుడల్లా నా మనసు జవాబు కంటే ముందు ప్రశ్న దగ్గర ఆగుతుంది. నాకు తెలియలేదు అనడం. మూడు సెకన్లు పట్టే మాట, నేను ఒక పిల్ల ముందు అనలేకపోయిన మాట అది.

ఇప్పుడు పద్ధతి. ఒక చిన్న నోటుబుక్కు కొనండి, చొక్కా జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టేది. ఫోనులో రాయకండి, రాస్తూ రాస్తూ వాట్సాప్‌లోకి వెళ్ళిపోతాం. పేజీకి మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఏ మాట తగిలిందో, అన్నది అన్నట్టు. రెండో గడిలో అది ఒంట్లో ఎక్కడ తెలిసిందో. మూడో గడిలో దెబ్బ తిన్నది ఏ "నేను" అన్నది. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు చాలు. కథ రాయొద్దు. ఎవరిది తప్పో అసలు రాయొద్దు.

నా మొదటి పేజీలో ఉన్నది ఇది. మాట: "అక్కడ మైనస్ రావాలండి." చోటు: చెవులు, తర్వాత మెడ వెనక. ఎవరు: తప్పు చేయని టీచరు.

రెండు వారాలు రాసేసరికి ఒకటి తేలుతుంది. తగిలే మాటలు వంద రకాలు, తగిలించుకునే "నేను"లు మాత్రం నాలుగో ఐదో. నాకు నాలుగు. మీవి ఏవో మీ నోటుబుక్కే చెప్తుంది. పొగడ్త కూడా రాయాలి, ఇది చాలామంది మర్చిపోతారు. హెడ్మాస్టరు గారు మీటింగులో నా రిజల్ట్ మెచ్చుకున్న రోజు నాకు ఛాతీ దగ్గర తెలిసింది, వెచ్చగా, హాయిగా. తిట్టు తగిలే చోటు పట్టుకోవడం తేలిక. పొగడ్త తగిలే చోటు తియ్యగా ఉంటుంది కాబట్టి అక్కడ చూడబుద్ధి కాదు.

ఇక అసలు పని, మాట తగిలిన ఆ క్షణంలో చేసేది. మొదట నోరు మూసుకోవాలి. ఇంతకంటే మర్యాదగా చెప్పలేను. ఒక్క ఊపిరి పూర్తిగా లోపలికి, పూర్తిగా బయటికి. ఆ ఊపిరిలో ఒళ్ళు ఎక్కడ బిగుసుకుందో చూడాలి. అక్కడ మనసు పెట్టి లోపల అడగాలి: ఈ మాట ఎవరికి తగిలింది? నాకు. ఆ నేను ఎవరు?

ఇక్కడ ఆగాలి. జవాబు చెప్పకూడదు.

మనం ఉపన్యాసాలు విని ఉంటాం కాబట్టి "నేను ఆత్మను", "నేను ఈ శరీరం కాదు" అని లోపల్నుంచి టక్కున వచ్చేస్తుంది. నాకు మొదటి ఏడాదంతా అలాగే వచ్చింది. అది బట్టీ పట్టిన జవాబు. లెక్క చేయకుండా పుస్తకం వెనక జవాబు చూసి రాసేసే పిల్లల్లాంటి పని. ప్రశ్న అడిగాక మాట కోసం వెతక్కుండా, "నేను" అనిపిస్తున్న ఆ అనిపించడం వైపే చూడాలి. మొదట్లో రెండు సెకన్లు కూడా నిలవదు. ఆ రెండు సెకన్లలోనే బిగువు కొంచెం సడలడం తెలుస్తుంది. ఎందుకు సడలుతుందంటే, ఆ దెబ్బ తిన్న "నేను" కథ నడిచినంతసేపే బతుకుతుంది. "ఇంతమంది ముందు అంటుందా, నిన్నగాక మొన్న వచ్చింది" అని కథ సాగుతున్నంతసేపూ బలంగా ఉంటుంది. తనవైపే చూపు తిప్పితే కథ ఆగుతుంది.

దీనికి పొద్దున కూర్చోవడం అవసరమా? అవసరమే, ఇరవై నిమిషాలు. పొద్దున ఎవరూ లేనప్పుడు చూపు తిప్పడం అలవాటు కాకపోతే మధ్యాహ్నం గొడవలో ఆ పని గుర్తురాదు. కింద కూర్చోలేకపోతే కుర్చీలో కూర్చోండి. ధ్యానంలో వెలుగులు, రంగులు కనిపిస్తే కనిపించనివ్వండి, ఎవరికీ చెప్పకండి. చెప్పిన రోజునుంచి వాటికోసమే కూర్చుంటాం.

మాట తగలడం మనతో అయిపోయే విషయం కాదు, ఎదుటివాళ్ళకి మనం తగిలించింది కూడా ఉంటుంది. దాన్ని సరిచేయాలి. ఎంతమంది ముందు అన్నామో అంతమంది ముందే. ఆ పిల్లని స్టాఫ్ రూముకి పిలిచి చెప్పొచ్చు కదా అని నాలో ఎంత లాగులాట జరిగిందో. రెండు రోజులు వాయిదా వేశాను. మూడో రోజు అదే లెక్క బోర్డు మీద మళ్ళీ రాసి, "మొన్న ఇక్కడ నేను ప్లస్ వేశాను. తను చెప్పింది కరెక్టు. నేను కోప్పడడం తప్పు" అన్నాను. ఆ పిల్ల పేరు పెట్టే చెప్పాను. క్లాసు ఒక క్షణం నిశ్శబ్దంగా ఉంది. ఆ తర్వాత వారం రోజుల్లో ముగ్గురు పిల్లలు, అంతకుముందు నోరు విప్పనివాళ్ళు, అర్థం కాలేదని లేచి అడిగారు. క్షమాపణ చెప్పేటప్పుడు "కానీ" అనే మాట రానివ్వకండి. "తప్పే, కానీ ఆ రోజు తలనొప్పిగా ఉంది" అంటే చెప్పనట్టే.

ఇప్పుడు చాలా ముఖ్యమైన సంగతి, ముఖ్యంగా ఆడవాళ్ళకి. మన ఇళ్ళల్లో "అహం తగ్గించుకో" అన్న మాట ఎవరు ఎవరికి చెప్తారో గమనించండి. అత్తగారు కోడలికి, మొగుడు పెళ్ళానికి, పై ఆఫీసరు కింది ఉద్యోగికి. నా స్నేహితురాలు ఒకావిడ పదేళ్ళు ఇంట్లో దెబ్బలు తింటూ, ఇది తన అహాన్ని కరిగించే పరీక్ష అనుకుంది. ఎవరో పెద్దమనిషి అలాగే చెప్పాడట. కాదు. చెయ్యి ఎత్తేవాడి ముందు నిలబడి వద్దనడం అహంకారం కాదు. రావలసిన జీతం అడగడం అహంకారం కాదు. నేను తేడా ఇలా పట్టుకుంటాను: అన్యాయం జరిగితే అదే అన్యాయం పక్కింటావిడకి జరిగినా నాకు మండుతుంది. అహం దెబ్బతింటే నాకు జరిగినప్పుడే మండుతుంది. ఈ పరీక్ష పెట్టుకున్నాకే మూడో గడి నింపండి. అన్యాయం అయితే నోటుబుక్కు మూసి, చేయాల్సిన పని చేయండి.

ఇంకొకటి. నిద్ర పట్టకపోవడం, బతుకంతా ఖాళీగా అనిపించడం, నేను నేను కాదన్నట్టు భయం వేయడం వారాల తరబడి ఉంటే ఈ విచారణ పక్కన పెట్టి డాక్టరుకి చూపించుకోండి. అది మేలుకొలుపు కాదు, వైద్యం కావలసిన స్థితి.

అరుణాచలం వెళ్ళి తీరాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. నేను మాత్రం రెండేళ్ళ క్రితం సెలవుల్లో వెళ్ళాను. రాజమండ్రిలో రైలెక్కి కాట్పాడిలో దిగి, అక్కడినుంచి బస్సు. పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చెప్పులు లేకుండా తిరిగాను. రమణాశ్రమం వెనకనుంచి స్కందాశ్రమం దారిలో విరూపాక్ష గుహకు ఎక్కి, లోపలి చీకట్లో గంటసేపు కూర్చున్నాను. కానీ నాకు ఎక్కువ పనికొచ్చింది మరో సంగతి. మహర్షి ఎన్నో ఏళ్ళు తెల్లవారకముందే ఆశ్రమం వంటశాలలో కూరగాయలు తరిగేవారు. భోజనంలో తనకంటూ ప్రత్యేకం వడ్డిస్తే ఒప్పుకునేవారు కాదు. అది తలచుకున్నాక, నేను తిరిగొచ్చి ఒక పని మొదలుపెట్టాను, మీరూ పెట్టుకోవచ్చు. ఎవరికీ తెలియకుండా రోజుకి ఒక పని. అది ఏమిటో ఇక్కడ కూడా రాయను. నలభై రోజులు చేసి చూడండి, పదో రోజుకల్లా ఎవరికైనా చెప్పాలని నాలుక ఎంత దురద పెడుతుందో తెలుస్తుంది. ఆ దురదని కూడా నోటుబుక్కులో రాయండి.

ఎదుగుతున్నామా లేదా తెలుసుకోవడానికి నేను ఒకే కొలత పెట్టుకున్నాను. మాట తగిలినప్పటినుంచి మామూలుగా అయ్యేదాకా ఎంతసేపు పట్టింది? మొదట్లో నాకు రెండు మూడు రోజులు. ఇప్పుడు చాలావాటికి గంటలోపే. తగలకుండా మాత్రం ఉండదు, తగలదని ఎవరైనా మీకు హామీ ఇచ్చి డబ్బు అడిగితే ఇవ్వకండి.

కొన్నిచోట్ల ఈ పద్ధతి నాకు ఇంకా పనిచేయలేదు. నాన్న పోయాక పొలం పంపకాల్లో అన్నయ్య ఒక మాట అన్నాడు, "పెళ్ళి చేసి పంపించాం కదా" అని. ఆ పేజీలో మాట రాశాను. చోటు రాశాను: కడుపు, బిగుసుకుపోయి. పక్కింటావిడ పరీక్ష పెట్టాను, ఆవిడకి జరిగినా మండుతుంది, అంటే అన్యాయమే. లాయరుని కలిశాను. కానీ మండేదంతా అన్యాయం కోసమేనా, "నాన్నకి ఇష్టమైన కూతురు" అనే ఇంకో నేను కూడా అందులో ఉందా? ఎనిమిది నెలలైంది. మూడో గడి ఇంకా ఖాళీగానే ఉంది. రేపు పొద్దున మళ్ళీ ఆ పేజీ తీసి దాని ముందే కూర్చుంటాను.