ఎండతో హైడ్రోజన్, హైడ్రోజన్‌తో కరెంటు: బల్లమీద చేసి చూడటం ఎలా?

చిన్న సోలార్ ప్యానెల్ (2 నుంచి 3 వోల్టులది), పెమ్ రకం (లోపల పల్చని ప్లాస్టిక్ పొర ఉండే) ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టేది), అదే రకం ఫ్యూయెల్ సెల్ (హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టించేది), కొలత గీతలున్న రెండు గ్యాస్ గొట్టాలు, రబ్బరు ట్యూబులు, బుల్లి మోటారు ఫ్యాను కావాలి. ఇవన్నీ కలిపి సైన్స్ కిట్‌గా దొరుకుతాయి. ఉప్పునీళ్లలో చెంచాలు ముంచే వీడియోల జోలికి మాత్రం పోకండి. ఉప్పు కలిస్తే క్లోరిన్ పుడుతుంది, అది విషవాయువు.

ముందు ఎలక్ట్రోలైజర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసి, లోపలి పొర తడిసేదాకా కొన్ని నిమిషాలు ఆగండి. కుళాయి నీళ్లు వద్దు. వాటిలోని లవణాలు పొరను పాడుచేస్తాయి.

తర్వాత ప్యానెల్ ప్లస్ వైరును ఆక్సిజన్ వైపు, మైనస్‌ను హైడ్రోజన్ వైపు కలపండి. తారుమారైతే ఎలక్ట్రోలైజర్ దెబ్బతింటుంది, అందుకే రెండోసారి చూసుకోండి. నీరు విడిపోవడానికి లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు గానీ, చేసేటప్పుడు 1.6 నుంచి 2 దాకా పడుతుంది. ప్యానెల్‌ను ఎండకు ఎదురుగా తిప్పండి. ఒక్క మూల నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. 1 ఆంపియర్ అందితే నిమిషానికి సుమారు 7 మిల్లీలీటర్ల హైడ్రోజన్ వస్తుంది. గ్యాస్ గొట్టాల గీతలు చూస్తే హైడ్రోజన్ ఆక్సిజన్‌కు రెట్టింపు ఉండాలి. అంతకన్నా బాగా తక్కువుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది, మంట కూడా సరిగ్గా కనపడదు. కాబట్టి ఆరుబయటే చేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. గ్యాసును సీసాల్లో బిగించి దాచే ఆలోచన అసలే వద్దు.

ఇక ప్యానెల్ తీసేసి, హైడ్రోజన్‌ను ఫ్యూయెల్ సెల్‌లోకి వదలండి. మొదట కొంచెం గ్యాసు పోనిస్తే లోపలి గాలి బయటికి పోతుంది. ఆ తర్వాత అవతలి మూత బిగించి ఫ్యాను కలపండి. ఒక సెల్ 0.6, 0.7 వోల్టులే ఇస్తుంది కాబట్టి ఎల్‌ఈడీ వెలగదు, అది చూసి కంగారు పడకండి.

పెద్ద ఎత్తున చేస్తే కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు, కనీసం 9 లీటర్ల నీళ్లు కావాలి. తిరిగి చేతికొచ్చేది 20 యూనిట్ల లోపే. ఈ రాత్రికి వాడుకోవాలంటే బ్యాటరీయే మేలు. ఎండాకాలపు కరెంటును చలికాలం దాకా దాచాలంటేనే ఈ నష్టానికి అర్థం ఉంటుంది.

పని అయ్యాక మిగిలిన గ్యాసు వదిలేసి, నీళ్లు వంపేసి, పొర ఎండిపోకుండా సెల్‌ను గాలి చొరని కవరులో పెట్టండి.