అలబామా చిన్న ఊళ్లో పాత ఇల్లు కొనడం ఎలా?

అమెరికా రాష్ట్రం అలబామాలోని సెల్మా, డెమోపొలిస్ లాంటి ఊళ్లో ఉద్యోగం రాగానే ఇళ్ల ధరలు చూసి మురిసిపోకండి. అలబామాలో పాత ఇంటి లోపాలు అమ్మేవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పక్కర్లేదు. ఆరోగ్యానికి, ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప, చూసుకోవలసింది కొనేవాళ్లే. అయితే సూటిగా అడిగితే అబద్ధం చెప్పకూడదు. అందుకే ప్రశ్నలన్నీ రాతపూర్వకంగా అడగండి.

ముందు ఒక ఏడాది అద్దెకుండండి. ఆగస్టు ఉక్కపోత, టోర్నడో సైరన్లు అప్పుడే తెలిసొస్తాయి. 2023 జనవరి 12న సెల్మాను టోర్నడో చితక్కొట్టింది. కరివేపాకు కావాలన్నా సెల్మా నుంచి మాంట్‌గొమరీకి 50 మైళ్లు పోవాలి. పక్కింటావిడ "ఏ చర్చికి వెళ్తారు?" అంటే కంగారు పడకండి, అక్కడ అది "భోంచేశారా" లాంటిదే.

ఇక అసలు సంగతి, నేల. ఈ ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు. మట్టి మన నల్లరేగడికి చుట్టం: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పైనున్న ఇల్లూ దానితో కదులుతుంది. ప్రతి తలుపూ తెరిచి మూయండి. బిగుసుకుంటోందా? గుమ్మం మూల నుంచి ఏటవాలుగా బీట పాకిందా? గోలీ ఒకటి నేల మీద వదలండి, ఎటు దొర్లుతుందో అదే చెబుతుంది. ఈ మట్టిలో నీరింకదు కాబట్టి ఊరి డ్రైనేజీ లేని ఇంటికి సెప్టిక్ ట్యాంకు పరీక్ష తప్పనిసరి. లేదంటే పెద్ద వానలకు మురుగు పెరట్లో తేలుతుంది.

ఇంటి కింద పాకేంత ఖాళీ ఉంటే టార్చి పట్టుకుని, ఇల్లు పరీక్షించే ఇన్‌స్పెక్టరుతో మీరూ దూరండి. బట్టలు మాస్తాయి, మాయనివ్వండి. పునాది మీద పెన్సిలంత లావు మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలే. దూలాన్ని స్క్రూడ్రైవరుతో పొడవండి, దిగబడితే లోపల గుల్ల. టర్మైట్ బాండు (చెదల మందు కంపెనీతో చేసుకున్న ఒప్పందం) ఉంటే అది మీ పేరుకు మారుతుందా, మరమ్మతు ఖర్చు కూడా ఇస్తుందా, మందు కొట్టడం వరకేనా అన్నది చదవండి.

డౌన్ పేమెంట్ అక్కర్లేని యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) లోను హెచ్‌-1బీ వాళ్లకు రాదు. ఇన్సూరెన్సులో గాలివాన డిడక్టబుల్ (నష్టంలో మీరు భరించాల్సిన వాటా) తరచూ విడిగా ఉంటుంది, ముందే కొటేషన్ తీసుకోండి.

చేరాక కౌంటీ ఆఫీసుకెళ్లి హోమ్‌స్టెడ్ పన్ను రాయితీకి దరఖాస్తు ఇవ్వండి. సొంత కాపురమైతే ఇంటి విలువలో 10 శాతం మీదే పన్ను లెక్క. అడగకపోతే 20 శాతం మీద వేస్తారు.