కప్పు లెక్కలు - 4వ పాఠం: వాలు ఉంటే మంచు అదే జారిపోతుందా?

పోయిన పాఠంలో వాలు కొలవడం చూశాం. పన్నెండంగుళాల రసమట్టం ఒక చివరను కప్పుకు ఆనించి, బుడగ మధ్యకు వచ్చేలా పట్టుకుని, రెండో చివర కింద ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలవడం. ఆరంగుళాలు వస్తే ఆ వాలు 'పన్నెండుకి ఆరు', అంటే 26.6 డిగ్రీలు. కారు షెడ్డు రేకులు కొలిచి రమ్మన్నాను కదా, చాలామందికి ఒకటో ఒకటిన్నరో వచ్చి ఉంటుంది. బెంగళూరు వానకి అది చాలు.

మంచుకి చాలదు. ఈ పాఠం రాయడానికి కారణం మా తమ్ముడు. వాడు అమెరికాలో, మంచు బాగా పడే బఫెలోలో ఇల్లు కొన్నాడు. జనవరిలో నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో శ్లాబు పోయిస్తుంటే వీడియో కాల్ చేశాడు. "అన్నయ్యా, కప్పు మీద రెండడుగుల మంచు పేరుకుంది. వాలు ఉందిగా, అదే జారిపోతుందంటున్నారు పక్కింటివాళ్లు. నిజమేనా?" వాడి కప్పు సరిగ్గా పన్నెండుకి ఆరు.

జారితే అదృష్టం. లెక్క మాత్రం జారదనే వేయాలి. మంచు బరువుకు మన దగ్గరున్న ప్రమాణం ఐఎస్ 875, నాలుగో భాగం. నేల మీద మంచు బరువు ఎంతో, అందులో 0.8 వంతు కప్పు మీద ఉంటుందని అది చెబుతుంది. చదును కప్పుకీ 0.8, ముప్ఫై డిగ్రీల కప్పుకీ అదే 0.8! ముప్ఫై దాటాకే తగ్గడం మొదలై అరవై దగ్గర సున్నా అవుతుంది. మధ్యలో ఉన్న వాలుకైతే, 60 లోంచి ఆ డిగ్రీలు తీసేసి, 30తో భాగించి, 0.8తో గుణించండి. 45 డిగ్రీలకి 0.4 వస్తుంది, అంటే బరువు సగం. మా వాడి 26.6కి మాత్రం పైసా తగ్గింపు లేదు. అమెరికా కోడ్ లెక్క వేరు. కానీ గరుకు షింగిల్స్ (పెంకుల్లా పరిచే తారు పలకలు) వేసిన వెచ్చటి ఇంటి కప్పుకు అందులోనూ ముప్ఫై దాకా రాయితీ ఇవ్వరు.

ఇక బరువు. దీన్ని పుస్తకంలో కన్నా ఫ్రిజ్‌లో నేర్చుకోవడం తేలిక. ఫ్రీజర్‌లో గీకిన మంచుపొడిని లీటరు చెంబులో వదులుగా నింపి వంటింటి కాటా మీద పెట్టాను. చెంబు బరువు పోను 290 గ్రాములు. గరిటెతో నొక్కి, తగ్గిన చోట మళ్లీ నింపితే 480. దాని మీద అరగ్లాసు నీళ్లు పోశాను. మంచు ఎత్తు పెరగలేదు, నీళ్లన్నీ లోపలికి ఇంకిపోయాయి, కాటా మీద అంకె మాత్రం ఎగబాకింది. (ఈలోగా మా ఆవిడ వచ్చి కాటా తీసేసుకుంది.) బయట కూడా ఇదే జరుగుతుంది. అప్పుడే పడ్డ మంచు ఘనపు మీటరుకి వంద కిలోలు ఉంటే, కుదురుకున్నాక 200-300, తడిస్తే 400 పైనే. అందుకే మంచు పడ్డ రోజు కన్నా దాని మీద వాన పడ్డ రోజే నాకు ఎక్కువ భయం.

వాడి రెండడుగులు 0.6 మీటరు. కుదురుకుంటున్న మంచు కాబట్టి 200 అనుకుంటే చదరపు మీటరుకి 120 కిలోలు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. వాలుగా ఉన్న కప్పు విస్తీర్ణంతో గుణించకూడదు, ఇల్లు నేల మీద ఆక్రమించిన విస్తీర్ణంతో గుణించాలి. వంద చదరపు మీటర్ల ఇంటికి 12 టన్నులు. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే 6,000 లీటర్ల ట్యాంకర్లు రెండు, ఆ నీళ్లన్నీ నెత్తిన పెట్టుకున్నట్టు. మన డాబాలు చదునుగా ఉన్నా మనుషులు తిరిగే బరువు కింద చదరపు మీటరుకి 150 కిలోలు లెక్కేసి కడతాం. నీళ్లు పోయే గొట్టంలో కొబ్బరి పీచు అడ్డంపడి 15 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే ఆ మొత్తం వాటికే సరి.

తమ్ముడికి చెప్పింది ఇంతే. కప్పు ఎక్కొద్దు. పొడుగు కర్ర ఉన్న మంచు గొర్రుతో నేల మీద నిలబడే, చూరు దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా లాగు. ఈ వైపు కొంత, ఆ వైపు కొంత. ఒక వైపు ఖాళీ చేసి రెండో వైపు వదిలేస్తే బరువంతా ఒక పక్కకి పడి వాసాలు పక్కకి తోస్తాయి. పై అంతస్తు తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుంటున్నా, సీలింగ్‌లో కొత్త పగుళ్లు కనిపించినా, చప్పుళ్లు వినిపించినా గొర్రు అక్కడే పారేసి అందరూ బయటికి రండి. తలుపులు తీసి చూపించాడు, మామూలుగానే తిరుగుతున్నాయి.

హోంవర్క్: వాలు పన్నెండుకి తొమ్మిది, నేల మీద మంచు బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. కప్పు మీద ఎంత? ముందు డిగ్రీలు కట్టండి, 36.9 రావాలి.

ఫోన్ పెట్టేసే ముందు వాడు గ్యారేజీ వైపు తిప్పాడు. రెండంతస్తుల గోడకి ఆనుకుని ఉన్న ఆ చిన్న కప్పు మీద మంచు రెండడుగులు కాదు, పై గది కిటికీ దాకా ఉంది. వచ్చే పాఠం దాని మీదే.