కోర్సు ఫీజు కట్టే ముందు చేయించాల్సిన టెస్టు

మా భీమవరం వైపు రొయ్య పిల్లను చెరువులో వదిలే ముందు ల్యాబ్‌లో పీసీఆర్ టెస్ట్ (పిల్లకి రోగం ఉందో లేదో తేల్చేది) చేయిస్తారు, హేచరీ ఎంత తెలిసినవాళ్ళదైనా సరే. అదే రైతు కొడుకు, ఫోన్‌లో ఎవడో "ఇంట్లో కూర్చుని నెలకి లక్ష" అంటే మాత్రం ఏ టెస్టూ లేకుండా డబ్బు కొట్టేస్తాడు. ఆ కొడుకుని నేనే. 99 రూపాయల వెబినార్‌లో రెండు గంటలు వాడి కారు, వాడి కష్టాలు విని, "ఆఫర్ ఇంకా పది నిమిషాలే" అనేసరికి టెన్షన్‌లో వాడి కోర్సుకి 4,999 కట్టాను. దొరికింది ఊరికే యూట్యూబ్‌లో ఉండే సరుకే.

ముందు చూడాల్సింది, వాడు చెప్పే పని చేసి తింటున్నాడా, చెప్పడం మీద తింటున్నాడా అని. డ్రాప్‌షిప్పింగ్ (సరుకు మన దగ్గర ఉంచుకోకుండా ఆన్‌లైన్లో అమ్మడం) నేర్పేవాణ్ణి మీ స్టోర్ లింకు ఇవ్వండి అనండి. "ప్రైవసీ" అన్నాడంటే లేచొచ్చేయడమే.

స్క్రీన్‌షాట్లు అసలు నమ్మకండి. సంక్రాంతికి పాలకొల్లు నుంచి వచ్చిన మా బావ ఎవరిదో బ్యాంకు బ్యాలెన్సు చూపించి ఊగిపోతుంటే, ల్యాప్‌టాప్‌లో నా ఖాతా తెరిచి, అంకె మీద రైట్ క్లిక్ చేసి, ఇన్‌స్పెక్ట్ నొక్కి, 412ని 4,12,000 చేశాను. నిమిషం పట్టలేదు. పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్ళీ 412. ఒకవేళ అంకె నిజమే అనుకున్నా అది అమ్మకమా, లాభమా? పట్టుబడి ఎన్ని టన్నులో చెప్పి మేత బాకీ, కరెంటు బిల్లు దాచే రైతుని మనం చూడలేదా ఏంటి, యాడ్స్ ఖర్చు ఎంతో కూడా అడగండి.

షేర్ మార్కెట్ అయితే తేల్చుకోవడం తేలిక. ఫలానా షేరు కొనండి, అమ్మండి అని డబ్బు తీసుకుని చెప్పాలంటే షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. సలహాదారు నంబరు ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్టుది ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. వాడు చెప్పిన నంబరు వాడి పేరు మీదే ఉందో లేదో సెబీ సైట్లో మీరే వెతకండి, వేరేవాళ్ళ నంబరు అతికించుకునేవాళ్ళూ ఉన్నారు. "గ్యారంటీ రాబడి" అన్నవాడి నంబరు వెతికే పని కూడా లేదు. షేర్ల ధర ముందు ముందు ఎటు పోతుందో పందెం కాయడం లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో మూడేళ్ళలో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని 2024లో సెబీయే లెక్క తేల్చింది, ఈ గురువుగారి శిష్యులంతా ఆ మిగతా 7 శాతంలోనే ఎలా ఉన్నారో మరి.

యూట్యూబ్ నేర్పేవాడు మొదటి వారం నుంచే యాడ్ డబ్బు వస్తుందంటే రూల్స్ తెలియవు, లేదా అబద్ధం. మామూలు వీడియోలకి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి.

ఇక "నువ్వు ఇద్దర్ని చేర్పించు, వాళ్ళు ఇద్దర్ని" అన్న చోట కోర్సు పేరేదైనా లోపల గొలుసు కట్టే. దాన్ని 1978 చట్టంలోనే నిషేధించారు.

పాత శిష్యుల్ని మీరే వెతికి పట్టుకోండి, వాడిచ్చిన నంబర్లకి ఫోన్ చేస్తే వాడి మనుషులే ఎత్తుతారు. రీఫండ్ షరతులు డబ్బు కట్టకముందే చదవండి. నేను కట్టాక అడిగితే "మీ మైండ్‌సెట్ మారాలి, దానికి ఇంకో కోర్సు ఉంది" అని జవాబొచ్చింది.

అచ్చంగా మోసమే జరిగి డబ్బు పోయిందా, పరువు పోతుందని ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, యూపీఐ లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకుని. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే చెబితే ఆపే అవకాశం ఎక్కువ.